పోస్టర్ వేస్తే సరిపోతుందా? విద్వేష నేరాలు, మన కళలు, ఆరు వారాల ఇంటర్న్‌షిప్ ప్లాన్

(వీడియో ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఈరోజు టాపిక్ కొంచెం సీరియస్. బీటెక్, డిగ్రీ చదివేవాళ్లు మాత్రం స్కిప్ చేయకండి. ఇది మీ ఇంటర్న్‌షిప్ గురించి కూడా.

ఈ మధ్య ఒకే రకం మెసేజ్ మస్తు మంది పంపిస్తున్నారు. "అన్నా, ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఆర్ట్‌తో హేట్ క్రైమ్స్ మీద అవేర్‌నెస్ తేవాలట. వారానికి రెండు పోస్టర్లు చేసి ఇన్‌స్టాలో పెట్టాలి, నెల తర్వాత సర్టిఫికెట్ ఇస్తారు. చేయాలా?"

చేయండి, తప్పేం లేదు. కానీ నాదొక ప్రశ్న. ఆ పోస్టర్ చూసేది ఎవరు? మీ ఫ్రెండ్స్, మీ సీనియర్లు, ఆ ఇంటర్న్‌షిప్ ఇచ్చినవాళ్లు. వీళ్లెవరూ కర్ర పట్టుకుని రోడ్డు మీదికి వచ్చేవాళ్లు కాదు. ఆ ఒక్క రాత్రి కోపంలో, భయంలో ఉన్న ఊరికి మీ పోస్టర్ చేరదు. మరి ఏది చేరుతుంది? జవాబు మన తెలంగాణలోనే ఉంది. ఒక ఎస్పీ మేడమ్ 2018లో చేసి చూపించారు. అక్కడికి వెళ్లే ముందు బేసిక్స్ క్లియర్ చేసుకుందాం.

అసలు విద్వేష నేరం అంటే ఏంది?

ఇద్దరు పొలం గట్టు దగ్గర కొట్టుకుంటే అది నేరం. ఒక మనిషిని అతని కులం, మతం, భాష, ప్రాంతం, రంగు, లేదా ఆడా మగా ట్రాన్స్‌జెండరా అన్నది చూసి ఎంచుకుని కొడితే అది విద్వేష నేరం. దెబ్బ పడేది ఒక్కడికే, భయం మాత్రం ఆ గుంపులో ప్రతి ఇంటికీ వెళ్తుంది. అందుకే దీన్ని మామూలు గొడవతో కలిపి చూడకూడదు.

మన దేశంలో "హేట్ క్రైమ్" పేరుతో విడిగా ఒక చట్టం లేదు. అంటే రక్షణ లేదని కాదు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. తాగే నీళ్లను పాడు చేస్తున్నారని దళితులు అడిగినందుకు దాడి జరిగింది, ఆరుగురు చనిపోయారు. ఇలాంటి ఘటనల తర్వాత 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా, 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ కేసు కోసం ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అంటే 23 ఏళ్లు తిరిగినా ఆ కుటుంబాలకు మిగిలింది ఇంకో అప్పీలు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, కోర్టు నేరం జరిగాక వస్తుంది, అదీ ఆలస్యంగా. జరగకముందే ఆపే పని ఎవరో ఒకరు చేయాలి. అవేర్‌నెస్ అనే మాటకు అసలు అర్థం అదే.

2018 ఎండాకాలం

ఇప్పుడు మీ ఫోన్ దగ్గరికి వద్దాం. 2018లో మీలో చాలామంది స్కూల్లో ఉండి ఉంటారు. ఆ ఎండాకాలం తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ నిండా ఒకటే మాట. "పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు దిగారు. పార్థీ గ్యాంగ్ వచ్చింది. బీహార్ గ్యాంగ్ వచ్చింది. జాగ్రత్త, అందరికీ పంపండి."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ పేర్లు చూడండి. పార్థీలు అంటే ఒక సంచార జాతి. బ్రిటిష్‌వాళ్లు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, కొన్ని జాతులకు పుట్టుకతోనే దొంగలు అని ముద్ర వేశారు. మన దగ్గర ఎరుకల వాళ్లకూ అదే ముద్ర వేశారు. స్టువర్ట్‌పురం పేరు వినే ఉంటారు, అది వాళ్ల కోసం పెట్టిన సెటిల్‌మెంట్. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. పుస్తకంలోంచి పోయింది కానీ నోట్లోంచి పోలేదు. 66 ఏళ్ల తర్వాత అదే పేరు ఫార్వర్డ్ మెసేజ్‌గా మన ఫోన్లోకి వచ్చింది. అది పుకారే, కానీ ఆ పుకారు నిలబడ్డది పాత ద్వేషం మీద.

మరి దెబ్బలు ఎవరికి పడ్డాయి? ఆ మే నెల చివర్లో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ట్రాన్స్‌జెండర్ మహిళల మీద గుంపు పడింది. ఒకరు చనిపోయారు. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో ఐదుగురిని కొట్టి చంపారు. వాళ్లు భిక్షాటన చేసుకుంటూ ఊరూరా తిరిగే సంచార జాతివాళ్లు. జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాద్‌కు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ను చంపారు. ఫ్రెండ్స్‌తో టూర్‌కి వెళ్లి, రోడ్డు పక్కన పిల్లలు కనిపిస్తే చాక్లెట్లు ఇచ్చారు. అంతే. మెసేజ్ వాళ్ల కారు కంటే ముందు వెళ్లిపోయింది.

ఈ లిస్టులో ఒక్క పిల్లల దొంగ కూడా లేడు. ఉన్నదల్లా ఊరికి కొత్త మనిషి, వేరే తీరుగా కనిపించే మనిషి, వేరే భాష మాట్లాడే మనిషి.

గద్వాలలో ఏం చేశారు?

ఆ టైంలో జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి గారు. ఊళ్లకు వెళ్లిన పోలీసులు ఒక విషయం గమనించారు. ఎండాకాలం కదా, మామూలుగా జనం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకుంటారు. ఆ ఏడాది తలుపులు వేసుకుని లోపలే పడుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు తీసి వీడియోలు చూపించారు.

అప్పుడు ఆమె ప్రెస్‌మీట్ ఒక్కటి పెట్టి ఊరుకోలేదు. ఊరికో పోలీసును బాధ్యుడిగా పెట్టి, ఇల్లిల్లూ తిరిగి మాట్లాడమన్నారు. గ్రామ వాట్సాప్ గ్రూపుల్లో ఆ పోలీసుల నంబర్లు చేర్పించారు. డప్పు చాటింపు వేయించారు. జానపద కళాకారులతో పుకార్ల మీద పాటలు పాడించారు. మెసేజ్ ఏ ఇంటికి వచ్చిందో, దానికి జవాబు కూడా అదే ఇంటికి, అదే యాసలో వెళ్లింది. ఆమె పరిధిలోని నాలుగు వందలకు పైగా ఊళ్లలో ఆ పుకార్ల వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. దేశ విదేశాల పత్రికలు దీని గురించి రాశాయి. అదే జూలైలో వాట్సాప్ కూడా ఇండియాలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్‌లకే పరిమితం చేసింది.

నేను ఇంజినీర్‌ని కాబట్టి నాకు వచ్చే మొదటి డౌట్, "పాటకి అంత పవర్ ఉందా?" పాట ఒక్కటే అయితే కష్టమే. వెనక పోలీసు ఉన్నాడు, నంబర్ ఉంది, పగలంతా తిరిగిన కాళ్లున్నాయి. పాట చేసిన పని ఏందంటే, భయపడ్డ మనిషిని తిట్టకుండా కూర్చోబెట్టింది. "మీరు మూర్ఖులు, ఫేక్ న్యూస్ నమ్ముతారు" అంటే ఎవడూ వినడు. డప్పు మోగితే పిల్లాజెల్లా వచ్చి నిలబడతారు.

చివరి ముక్క కోస్తే?

ఆ ఏడాది దేశమంతా తిరిగిన ఒక వీడియో గురించి చెప్పాలి. బైక్ మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకునే పిల్లాడిని ఎత్తుకుపోతారు. సీసీ కెమెరా ఫుటేజ్ లాగా ఉంటుంది. అది పాకిస్తాన్ కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవేర్‌నెస్ ఫిల్మ్. అసలు వీడియోలో వాళ్లు పిల్లాడిని తిరిగి తెచ్చి దింపి, జాగ్రత్తగా ఉండమని ఒక బోర్డు చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కోసేశారు. మిగిలిన సగం మనుషుల్ని చంపించింది.

ఇంటర్న్‌షిప్ చేసే ప్రతి ఒక్కరూ దీన్ని గోడ మీద రాసి పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో మేం ఒక పని చేస్తాం. యూజర్ సరిగ్గా వాడితే ఏమవుతుందో చూడటం సగం టెస్టింగే. తప్పుగా వాడితే ఏమవుతుందో చూడటం మిగతా సగం. మీ ఆర్ట్‌కి కూడా అదే టెస్ట్ పెట్టండి. మీ రీల్‌లో చివరి ఐదు సెకన్లు కోసేయండి. మీ పోస్టర్‌లో కింది లైన్ తీసేయండి. మిగిలింది ద్వేషం పెంచేలా ఉంటే డిజైన్ మార్చాల్సిందే. రక్తం, శవం, కొట్టే సీన్ పెట్టి కింద "ఇది తప్పు" అని రాస్తే, జనం చూసేది పైదే, ఫార్వర్డ్ అయ్యేదీ పైదే.

మన జనగామ చుట్టూ ఉన్న కళ

మాది తరిగొప్పుల వైపు. మా దగ్గరి నుంచే చూద్దాం. దగ్గర్లోనే చేర్యాల. ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేసే నకాశీ పటాలు అక్కడివే, జీఐ గుర్తింపు కూడా ఉంది. ఇప్పుడు షోరూముల్లో ఫ్రేమ్ కట్టి అమ్ముతున్నారు కానీ, ఆ పటం పుట్టింది గోడకు వేలాడటానికి కాదు. పొడుగాటి బట్ట మీద వరసగా గడులు గీసి, ఒక్కో గడి విప్పుతూ కథ చెప్పేవాళ్లు. మీరు రీల్స్ కిందికి జరిపినట్టే.

ఇంకో గొప్ప సంగతి ఏందంటే, ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథ చెప్పడానికి ప్రత్యేకంగా ఒక్కో ఆశ్రిత కులం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు కూనపులి వాళ్లు. మాదిగలకు జాంబ పురాణం చెప్పేవాళ్లు డక్కలి వాళ్లు. జాంబ పురాణంలో మాదిగల మూలపురుషుడు జాంబవంతుడు సృష్టికి ముందే ఉన్నవాడు. ఊరు ఎవరిని చివరకు తోసిందో, వాళ్లను పటం అందరికంటే ముందు నిలబెట్టింది. "నీ పుట్టుక తక్కువది కాదు" అని బొమ్మలో చూపించే కళ మనకు ఎప్పటినుంచో ఉంది.

జనగామ జిల్లా లింగాలఘనపురం మండలం మాణిక్యపురం చుక్క సత్తయ్య గారి ఊరు. ఒగ్గు కథకు సంగీత నాటక అకాడమీ అవార్డు తెచ్చిన మనిషి, 2017లో కన్నుమూశారు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్య గారికి చిందు యక్షగానంలో 2024లో పద్మశ్రీ వచ్చింది. యూట్యూబ్‌లో ఒక ఒగ్గు కథ పెట్టుకుని చూడండి. ప్రధాన కథకుడు కథ చెప్తుంటే పక్కన వంతగాడు అడ్డం వస్తాడు, డౌట్లు అడుగుతాడు, జోకులేస్తాడు. ఊళ్లోవాళ్ల మనసులో ఉన్న అనుమానం వంతగాడి నోట్లోంచి బయటికొస్తుంది, అక్కడికక్కడే జవాబు దొరుకుతుంది. పుకారును పగలగొట్టడానికి ఇంతకంటే మంచి ఫార్మాట్ ఉందా? "అరే, గా గడ్డపోడు పిల్లల దొంగనట గద?" అని వంతగాడు అంటాడు. "నువ్వు సూసినవా?" "సూడలే, ఫోన్ల అచ్చింది." "మొన్న నీ ఫోన్ల లాటరీ గూడ అచ్చింది, పైసలచ్చినయా?" అయిపోయింది. జనం నవ్వుతారు, ఆ నవ్వుతోనే భయం సగం దిగుతుంది.

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టే పాయింట్ చెప్తాను. పటం భుజాన వేసుకుని ఊరూరా తిరిగే డక్కలాయన, బురద రోడ్లలో నడిచొచ్చే బుడగ జంగం, వేషం కట్టి ఇంటింటికీ వచ్చే పగటి వేషగాడు. వీళ్లందరూ మనకు కథ తెచ్చినవాళ్లు. వీళ్లందరూ ఊరికి కొత్తవాళ్లే. ధూలేలో చనిపోయినవాళ్లూ ఇట్లాగే తిరిగి బతికేవాళ్లు. ఒకప్పుడు అరుగు మీద కూర్చోబెట్టి బియ్యం పెట్టిన మనిషిని చూసి, ఇవాళ మనం ఫోటో తీసి "వీడు అనుమానంగా ఉన్నాడు" అని గ్రూపులో పెడుతున్నాం. ద్వేషాన్ని ఆపగలిగే కళ ఎవరి చేతిలో ఉందో, ద్వేషం ముందు తగిలేది వాళ్లకే. మన ఇంటర్న్‌షిప్ ఇక్కడి నుంచి మొదలవ్వాలి.

వేరే ఊళ్లో కొత్త మనిషి మనమే

"ఇదంతా పల్లెటూరి సంగతి, నేను ఎంఎస్‌కి పోతున్నా" అనుకునేవాళ్లకు ఇది. 2017 ఫిబ్రవరి 22, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేతా. హైదరాబాద్‌కు చెందిన కూచిభొట్ల శ్రీనివాస్, గార్మిన్‌లో ఇంజినీర్. ఆఫీసు అయ్యాక ఫ్రెండ్‌తో కలిసి ఒక బార్‌లో కూర్చున్నారు. ఒకడు వచ్చి మీ వీసా ఏంటని అడిగి, మా దేశం వదిలి పొమ్మని అరిచి, కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయారు, ఫ్రెండ్ గాయపడ్డారు. ఆపబోయిన అక్కడి యువకుడు ఇయాన్ గ్రిలట్‌కూ బుల్లెట్ తగిలింది. కాల్చినవాడు వీళ్లను ఇరాన్ దేశస్థులు అనుకున్నాడు. చూడండి, ద్వేషానికి మనిషి ఎవరో కూడా తెలియనక్కర్లేదు. 2018లో అతనికి యావజ్జీవం పడింది, ఫెడరల్ కోర్టు విద్వేష నేరం కింద కూడా శిక్ష వేసింది.

శ్రీనివాస్ భార్య సునయన దుమాల ఆ తర్వాత "ఫరెవర్ వెల్‌కమ్" అనే సంస్థ పెట్టారు. వలస వచ్చినవాళ్ల కథలు పక్కింటివాళ్లకు తెలియాలి, తెలిస్తే భయం తగ్గుతుంది అన్నది ఆమె నమ్మకం. ఒలేతాలో మనం కోరుకున్నది ఏంది? మనల్ని ఒక గుంపుగా కాకుండా ఒక మనిషిగా చూడాలని. తరిగొప్పుల బస్టాండ్‌లో దిగిన హిందీ మాట్లాడే కూలీ కోరుకునేది కూడా అదే.

ఆరు వారాల ప్లాన్

ఇది ఎక్కడో నడుస్తున్న ప్రోగ్రామ్ అనుకోకండి. మీ కాలేజీ ఇంటర్న్‌షిప్ కింద, ఏపీవాళ్లయితే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ కింద అడగగలిగే ప్లాన్. నలుగురైదుగురు చాలు.

మొదటి వారం, వినడం. మీ ఊరి గ్రూపుల్లో ఎవరి గురించి ఏ మాటలు తిరుగుతున్నాయో రాసుకోండి. పేర్లు, నంబర్లు రాయొద్దు. మాటలు మాత్రమే.

రెండో వారం, కలవడం. ఆ మాటలు ఎవరి మీద పడుతున్నాయో వాళ్లతో కూర్చోండి. 1998లో అమెరికాలోని లారామీలో మాథ్యూ షెపర్డ్ అనే విద్యార్థిని గే అయినందుకు చంపారు. ఒక నాటక బృందం ఆ ఊరికి వెళ్లి, రెండు వందలకు పైగా ఇంటర్వ్యూలు చేసి, ఆ మాటలతోనే "ద లారామీ ప్రాజెక్ట్" నాటకం తయారు చేసింది. ముందు విన్నారు, తర్వాత రాశారు. అడగకుండా ఫోన్ తీసి రికార్డ్ చేయొద్దు. వద్దంటే వద్దే. వాళ్ల బాధ మీ కంటెంట్ కాదు.

మూడో వారం, కళాకారుడి దగ్గరికి పోవడం. ఒగ్గు, చిందు, డప్పు, పటం, ఏది దగ్గరుంటే అది. మీరు చేసేది విషయం ఇవ్వడం, కథ కట్టేది ఆయన. డబ్బులు ఇవ్వండి. "ఎక్స్‌పోజర్ వస్తుంది తాతా" అని మాత్రం అనకండి. కాలేజీని, పంచాయతీని, లోకల్ దాతలను అడగండి.

నాలుగో వారం, తయారీ. చివరి ముక్క కోసే టెస్ట్ ఇప్పుడు పెట్టండి. ఏ కులాన్నీ, ఏ మతాన్నీ విలన్‌గా చూపించొద్దు. ఒక ద్వేషం తీసి ఇంకో ద్వేషం పెట్టినట్టు అవుతుంది.

ఐదో వారం, ప్రదర్శన. అంగడి రోజు, రచ్చబండ దగ్గర, హైస్కూల్లో. సర్పంచ్‌కు, పోలీస్ స్టేషన్‌కు ముందే చెప్పండి. మీ ఊళ్లో నిజంగా నడుస్తున్న గొడవ మీద నేరుగా కథ కట్టొద్దు, ఇబ్బంది పడేది బాధితులే. చట్టం కూడా రెండు ముక్కల్లో చెప్పించండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103లో, ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి కులం, భాష, పుట్టిన ప్రాంతం లాంటి కారణాలతో ఒకరిని చంపితే గుంపులో ప్రతి ఒక్కరికీ యావజ్జీవం లేదా ఉరి. "నేను వెనక నిల్చున్నా" అంటే నడవదు. సెక్షన్ 196లో, గుంపుల మధ్య ద్వేషం పెంచే పోస్టు ఫోన్‌లో పెట్టినా మూడేళ్ల వరకు జైలు.

ఆరో వారం, లెక్క. లైకులు లెక్కపెట్టకండి. ప్రదర్శనకు ముందు ఒకే ప్రశ్న అడగండి. "ఊళ్లోకి తెలియని మనిషి వస్తే మొదట ఏం చేస్తరు?" రెండు వారాల తర్వాత అదే మనుషులను మళ్లీ అడగండి. "ఫోటో తీసి గ్రూపులో పెడతా" అన్నవాళ్లలో ఎంతమంది "ముందు మాట్లాడతా, అనుమానం ఉంటే 112కి చేస్తా" అన్నారు? ఆ నంబరే మీ రిజల్ట్. సున్నా వస్తే సున్నా అనే రాయండి. రిపోర్టులో నిజం ఉండాలి, తర్వాత వచ్చే బ్యాచ్‌కి అదే పనికొస్తుంది.

చివరగా

మూడు నంబర్లు సేవ్ చేసుకోండి. ఎమర్జెన్సీకి 112. పిల్లల విషయంలో ఏ అనుమానం ఉన్నా 1098. ఎస్సీ, ఎస్టీల మీద దాడి, అవమానం జరిగితే 14566.

ఇంటర్న్‌షిప్ లేనివాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. ఈసారి మీ ఊళ్లోకి పటం పట్టుకునో, వేషం కట్టుకునో ఎవరైనా వస్తే, ఫోన్ జేబులో పెట్టి ఆయన పేరు అడగండి, ఏ ఊరని అడగండి, ఏం కథ చెప్తారని అడగండి. తర్వాత ఆయన సరే అంటేనే వీడియో తీసి గ్రూపులో పెట్టండి, ఆయన పేరుతో సహా. పేరు తెలిసిన మనిషి మీదికి కర్ర ఎత్తడం కష్టం.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.